వైఫ్ ఆఫ్ బాత్ గెలిచిందా? చాసర్ కాలపు కవిత్వంలో పెళ్లి, ఆస్తి, పెత్తనం

మంజీర:

14వ శతాబ్దపు ఇంగ్లిష్ కవి చాసర్ రాసిన "కాంటర్‌బరీ కథలు"లో యాత్రికులు దారిలో కథలు చెప్పుకుంటారు. వాళ్లలో ఒకామె బాత్ ఊరి అలిసన్, అంటే వైఫ్ ఆఫ్ బాత్. ఆమె పేరెత్తగానే రెండు మాటలు వినిపిస్తాయి. మొగుళ్ల మెడలు వంచిన గయ్యాళి అని కొందరు, ఆరు వందల ఏళ్ల కిందటే పుట్టిన స్త్రీవాది అని ఇంకొందరు. నాకు రెండూ చాలవు. చాసర్ ఆమె చేత చెప్పించిన ఉపోద్ఘాతం 856 పంక్తులు. ఆమె చెప్పే కథకంటే రెండింతలు ఉంటుంది. ఈమధ్య దాన్ని మళ్లీ చదువుతూ మొగుళ్ల సంగతి పక్కనపెట్టి ఆస్తి సంగతి పట్టుకున్నాను. ఏ పొలం, ఏ సొమ్ము ఎప్పుడు ఎవరి చేతిలో ఉందన్నది.

అలిసన్‌కి మొదటి పెళ్లి 12 ఏళ్లకి అయింది. మొదటి ముగ్గురు భర్తలూ ముసలివాళ్లు, డబ్బున్నవాళ్లు. తమ భూమినీ సొమ్మునూ ఆమెకు రాసిచ్చారు. నాలుగోవాడు తిరుగుబోతు, బయట ఇంకో ఆవిడ ఉంది. అతను పోయిన నెలకే ఐదో పెళ్లి. వరుడు జాంకిన్, ఆక్స్‌ఫర్డ్‌లో చదివినవాడు. అతనికి 20, ఆమెకు 40. ఈ పెళ్లిలోనే ఆమె జీవితంలో ఎప్పుడూ చేయని పని చేసింది. అంతవరకు తనకు సంక్రమించిన భూమి, సొత్తు అంతా అతనికి ఇచ్చేసింది. ఆ వెంటనే "తర్వాత చాలా బాధపడ్డాను" అని ఒక్క ముక్కలో అంటుంది.

ఆ తర్వాతిది అందరికీ తెలిసిన గొడవ. జాంకిన్ రాత్రిళ్లు చెడ్డ భార్యల కథల పుస్తకం చదివి వినిపిస్తుంటాడు. ఆమె అందులోంచి పేజీలు చింపి అతన్ని గుద్దుతుంది. అతను తల మీద కొడతాడు, ఒక చెవి వినపడకుండా పోతుంది. చచ్చిపోయిందేమోనని అతను హడలిపోతాడు. చివరికి పుస్తకం పొయ్యిలో పడుతుంది, ఇల్లూ పొలం మీద అజమాయిషీ ఆమె చేతికి వస్తుంది.

నేను అడిగేది ఇదే. దీన్ని గెలుపు అనొచ్చా? తిరిగి వచ్చింది ఎవరిదో కాదు, ఆమెదే. అది కూడా అతను ఇస్తేనే వచ్చింది. రేపు అతని మనసు మారితే ఆమె ఎవరికి చెప్పుకోవాలి?

లా పాయింటు:

మంజీర గారూ, మీరు పట్టుకున్న కొస గట్టిది. దానికి అప్పటి చట్టం కలిపి చూస్తే ఇంకా తేటపడుతుంది.

అప్పటి ఇంగ్లండ్ చట్టంలో పెళ్లయిన క్షణం నుంచి భార్య డబ్బు, నగలు, సామాను భర్త సొంతం. భూమి ఆమె పేరున ఉండొచ్చు గానీ కాపురం సాగినంతకాలం దాని అనుభవం, రాబడి అతనివి. ఆమె ఒప్పుకోకుండా అతను ఆ భూమి అమ్మేస్తే, అతను బతికి ఉండగా ఆమె ఏమీ చేయలేదు. అతను పోయాక మాత్రం దావా వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. అంటే హక్కు ఉంది, వాడుకోవాలంటే మొగుడు చావాలి.

విధవ పరిస్థితి పూర్తిగా వేరు. సొంతంగా ఆస్తి పెట్టుకోవచ్చు, కోర్టుకెక్కొచ్చు, వీలునామా రాయొచ్చు. మామూలుగా భర్త భూమిలో మూడో వంతు బతికినంతకాలం అనుభవించే హక్కు ఉంటుంది. ఆ వాటాను పెళ్లి రోజున చర్చి గుమ్మం దగ్గర నలుగురి ముందు ప్రకటించేవారు. అలిసన్ "చర్చి గుమ్మం దగ్గర ఐదుగురిని చేసుకున్నాను" అంటుంది చూడండి, అది పెళ్లిళ్ల లెక్కే కాదు. విన్నవాళ్లకి వెంటనే ఐదు ఒప్పందాలు గుర్తొచ్చి ఉంటాయి.

అలిసన్ నాలుగుసార్లు విధవ అయింది. నాలుగుసార్లు స్వతంత్రురాలైంది. ఐదోసారి ప్రేమించి, ఉన్నదంతా తన చేత్తో అప్పగించింది. ఆమె బాధపడ్డానన్నది అందుకే.

పాతపుస్తకం:

ఆస్తి కోణం బాగుంది, కాదనను. కానీ ఆ పుస్తకాన్ని అంత త్వరగా దాటేయకండి. కాలేజీలో ఈ పాఠం చాలాకాలం చెప్పినవాణ్ణి, అసలు యుద్ధం అక్కడే ఉందని నా నమ్మకం.

జాంకిన్ పుస్తకంలో ఏముంది? సెయింట్ జెరోమ్ జొవీనియన్ మీద రాసిన ఖండన, థియోఫ్రాస్టస్ పేరున చెలామణి అయిన పెళ్లి వద్దనే రచన, టెర్టులియన్, సొలోమన్ సామెతలు, ఓవిడ్. అంటే స్త్రీ గురించి మగవాళ్లు వెయ్యేళ్లకు పైగా పోగేసిన మాటలన్నీ ఒకే బైండింగులో. అలిసన్ మొదటి పంక్తిలోనే చెబుతుంది, ప్రపంచంలో ఏ గ్రంథ ప్రమాణమూ లేకపోయినా పెళ్లిలోని కష్టాల గురించి మాట్లాడటానికి నా అనుభవం చాలు అని. ఆ తర్వాత ఒక ప్రశ్న వేస్తుంది: సింహం బొమ్మ గీసిందెవరు? మనిషి గీశాడు కాబట్టి బొమ్మలో సింహం ఓడిపోయింది. సింహమే గీసి ఉంటే? మఠాల్లో కూర్చుని రాసిన మగవాళ్లలా ఆడవాళ్లు కథలు రాసి ఉంటే, ఆడమ్ సంతతి మొత్తం దిద్దుకోలేనంత దుర్మార్గం మగవాళ్ల మీద రాసేవారంటుంది.

ఇంకో సంగతి ఉంది. ఆమెను చాసర్ తయారుచేసింది కూడా ఆ పుస్తకాల్లోంచే. జెరోమ్ వాక్యాలు, ఫ్రెంచి "రోమన్ ద లా రోజ్"లోని ముసలమ్మ మాటలు తెచ్చి ఆమె నోట్లో పెట్టాడు. తనను తిట్టిన మాటలతోనే తయారైన మనిషి ఆ మాటలకు ఎదురు తిరిగి నిలబడటం నాకు చిన్న విషయంగా కనిపించదు. పుస్తకం కాలడమే గెలుపు. ఆ తర్వాత జాంకిన్‌తో ఎలా ఉన్నదో చెబుతూ, డెన్మార్క్ నుంచి ఇండియా దాకా ఏ భార్యా అంత ప్రేమగా, అంత నిజాయితీగా ఉండలేదంటుంది. అతనూ నాతో అలాగే ఉన్నాడంటుంది. ఆ మాటను నేను నమ్ముతాను.

తుంగభద్ర:

మీరంతా ఉపోద్ఘాతం దగ్గరే ఆగిపోయారు. కథలోకి రండి, అక్కడ ఒక అమ్మాయి ఉంది.

ఆర్థర్ రాజు కొలువులోని వీరుడొకడు నది దగ్గర్నుంచి గుర్రం మీద వస్తూ, ఒంటరిగా నడిచి వెళ్తున్న అమ్మాయిని బలాత్కారం చేస్తాడు. చట్టప్రకారం తల తీయాలి. రాణి, మిగతా స్త్రీలు రాజును బతిమాలి అతన్ని తమకు అప్పగించమంటారు. రాణి ప్రశ్న వేస్తుంది: స్త్రీలు అన్నిటికంటే ఎక్కువగా కోరుకునేదేమిటి? ఏడాది మీద ఒక రోజు గడువు. ఒక ముసలావిడ జవాబు చెబుతుంది: భర్త మీద, ప్రియుడి మీద పెత్తనం. జవాబు సరైనదే. ప్రాణం దక్కుతుంది, ముసలావిడతో పెళ్లి అవుతుంది, ఆఖర్న ఆవిడ అందగత్తె అవుతుంది.

ఆ అమ్మాయి ఏమైంది? కథ మళ్లీ ఆమె పేరెత్తదు. అసలు పేరే లేదు. నది ఒడ్డున మొదలైన కథ పడకగదిలో సుఖంగా ముగుస్తుంది. నేరం చేసినవాడికి అందమైన, నమ్మకమైన పెళ్లాం దొరుకుతుంది. పెత్తనం ఎవరి చేతిలో అని వాదించుకునేముందు దీనికి జవాబు కావాలి నాకు.

సిరాచుక్క:

తుంగభద్ర గారూ, ఎం.ఏ. క్లాసులో మేం అడిగింది కూడా ఇదే. ఒక పంక్తి గురించి మీ అభిప్రాయం కావాలి. ముసలావిడ నన్ను పెళ్లి చేసుకో అన్నప్పుడు ఆ వీరుడు బతిమాలుతాడు: "నా ఆస్తంతా తీసుకో, నా ఒంటిని వదిలెయ్." ఆ మాట నది ఒడ్డున ఆ అమ్మాయి అనాల్సింది. ఆమెకు మాట్లాడే అవకాశమే ఇవ్వని కవి ఆ వాక్యాన్ని తెచ్చి నేరస్థుడి నోట్లో పెట్టాడు. ఇష్టం లేని శరీర సంబంధం అంటే ఏమిటో వాడికి అనుభవంలోకి రావాలనే అలా రాశాడని నాకనిపిస్తుంది.

మాస్టారూ, మీకు ఇంకో ప్రశ్న. పెత్తనం ఆమెకు అప్పగించాక చివర్లో "అతనికి ఏది ఇష్టమైతే అది చేస్తూ మాట జవదాటకుండా ఉంది" అని ఉంది కదా. అంత కష్టపడి సంపాదించినదాన్ని మళ్లీ ఇచ్చేసినట్టేనా?

పాతపుస్తకం:

మంచి ప్రశ్నమ్మా. ఇదే కథను అదే కాలంలో ఇంకొకరు ఎలా చెప్పారో చూస్తే చాసర్ చేసిన మార్పులు తెలుస్తాయి.

చాసర్ స్నేహితుడు జాన్ గవర్ 1390 ప్రాంతంలో పూర్తిచేసిన "కన్ఫెసియో అమాంటిస్"లో ఫ్లోరెంట్ కథ ఉంది. ఫ్లోరెంట్ మంచివాడు. పోరులో ఒకణ్ణి చంపినందుకు చిక్కుల్లో పడతాడు. 15వ శతాబ్దపు "సర్ గవేన్, డేమ్ రాగ్నెల్ పెళ్లి"లో గవేన్ తప్పేమీ లేదు, ఆర్థర్ రాజు ప్రాణం కోసం కురూపిని చేసుకుంటాడు. ఆ రెండిటిలోనూ బలాత్కారం లేదు. అది పెట్టింది చాసరే.

రెండో మార్పు ఎంపికలో ఉంది. ఆ రెండు కథల్లోనూ, పగలు అందంగా ఉండాలా రాత్రా అని అడుగుతుంది పెళ్లికూతురు. చాసర్ ముసలావిడ అలా అడగదు. ముసలిగా, వికారంగా ఉండి చచ్చేదాకా నమ్మకంగా ఉండనా, లేక వయసులో, అందంగా ఉండనా, అప్పుడు నీ ఇంటికి వచ్చేపోయేవాళ్ల సంగతి నువ్వే చూసుకోవాలి అంటుంది. మగవాడి భయాన్నే ఎదురుగా పెట్టి ఎంచుకోమంటుంది. అతను "నువ్వే తేల్చు" అనేస్తాడు.

ఇక నీ ప్రశ్న. ఆమె ఇచ్చేసిందని నేననుకోను. తేల్చే అధికారం చేతికొచ్చాక తనకు ఇష్టమైంది ఆమే ఎంచుకుంది. పైగా గవర్ కథలో, రాగ్నెల్ కథలో వధువు సవతి తల్లి చేసిన మంత్రం నుంచి విడుదల కావాలి. చాసర్ దగ్గర ఆమె మీద ఎవరి శాపమూ లేదు. తన రూపం తన చేతిలో ఉంది. రాగ్నెల్‌నైతే ఆ కవి ఐదేళ్లకే చంపేశాడు పాపం.

తుంగభద్ర:

మాస్టారూ, బలాత్కారాన్ని కావాలని కలిపింది చాసరే అయితే, ఆ అమ్మాయిని మర్చిపోయిన బాధ్యత కూడా ఆయనదే.

ఎలాగూ ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ఇది కూడా తేల్చుకుందాం. సెసిలీ చాంపేన్ కేసు సంగతేమిటి?

లా పాయింటు:

1380 మే నెల నాటి ఒక లాటిన్ పత్రంలో సెసిలీ చాంపేన్ అనే ఆమె, తన "రాప్టస్" విషయంలో చాసర్ మీద తనకున్న దావాలన్నీ వదులుకుంటున్నట్టు ఉంది. ఆ మాటకు అప్పటి చట్టంలో బలాత్కారం అనీ అర్థం ఉంది, ఎత్తుకుపోవడం అనీ ఉంది. అందుకే చాలాకాలం చాసర్ మీద ఆ నీడ పడింది. 2022లో కొత్త పత్రాలు బయటపెట్టారు. థామస్ స్టాండన్ అనే యజమాని, సెసిలీ తన దగ్గర గడువు తీరకుండా పని మానేసి చాసర్ దగ్గర చేరిందని వాళ్లిద్దరి మీదా కేసు వేశాడు. నల్లమారి అనే ప్లేగు తర్వాత కూలీలు దొరక్క తెచ్చిన చట్టం కింద ఆ దావా. అంటే ఆ కేసులో సెసిలీ, చాసర్ ఒకే పక్షం. ఆ పత్రం పనిమార్పిడి గొడవకు సంబంధించినదని ఇప్పుడు ఎక్కువమంది అంగీకరిస్తున్నారు. అంతమాత్రాన ప్రశ్న మూసేయకూడదనే పండితులూ ఉన్నారు.

కవి నిర్దోషి అయినా కథలో అమ్మాయి అలాగే ఉంటుంది కాబట్టి, మీ ప్రశ్న మీ ప్రశ్నే.

గోదారిగట్టు:

ఒక్కసారి చాసర్‌కి నాలుగు వందల ఏళ్లు వెనక్కి రండి. లియోఫ్రిక్ అనే బిషప్ ఎక్సెటర్ కతీడ్రల్‌కి ఇచ్చిన ఒక పాత పద్యాల పుస్తకం ఇప్పటికీ అక్కడే ఉంది. ఆయన పోయింది 1072లో, పుస్తకం 10వ శతాబ్దానిది. అందులో 53 పంక్తుల పద్యం, ఒక భార్య గోడు. భర్త సముద్రం దాటి పోయాడు. అతని బంధువులు ఇద్దర్నీ విడదీయాలని గుట్టుగా పథకం వేశారు. ఆమెను అడవిలో ఓక్ చెట్టు కింద, మట్టి గుహలో ఉండమన్నారు. లోకంలో ప్రేమికులు పడకల మీద ఉంటే నేను తెల్లవారుజామున ఈ గుహల చుట్టూ ఒంటరిగా తిరుగుతున్నానంటుంది. కవి పేరు తెలియదు. మాట్లాడేది స్త్రీ అని మాత్రం పాత ఇంగ్లిష్ వ్యాకరణమే చెబుతుంది.

పాత ఇంగ్లిష్ వీరగాథ "బేవుల్ఫ్"లో హిల్డెబుర్ సంగతి మరీ ఘోరం. డేన్ల ఆడపడుచు. రెండు జాతుల మధ్య శాంతి కోసం ఫ్రీసియన్ రాజు ఫిన్‌కి ఇచ్చి చేశారు. మళ్లీ గొడవలు రేగాయి. అన్నదమ్ముడు ఒకవైపు, కొడుకు ఇంకోవైపు పోరాడి ఇద్దరూ చచ్చారు. ఇద్దర్నీ ఒకే చితి మీద పెట్టమని ఆమె చెబుతుంది. ఆ తర్వాత భర్తనూ చంపి, ఆమెను పుట్టింటికి తీసుకుపోతారు. ఆ పెళ్లిలో ఆమె చేతుల మీదుగా జరిగింది ఆ చితి ఒక్కటే.

అక్కణ్ణుంచి చదువుకుంటూ వస్తే అలిసన్ గొంతు ఎంత దూరం నుంచి వచ్చిందో తెలుస్తుంది.

లా పాయింటు:

హిల్డెబుర్ పెళ్లి రాజకీయం. మధ్యలో ఇంకో రకం ఉంది, సంరక్షకుడు చేసే పెళ్లి. 13వ శతాబ్దం చివరి "హేవ్‌లాక్ ద డేన్" పద్యకథలో గోల్డ్‌బరో ఇంగ్లండ్ రాజకుమారి. తండ్రి చనిపోతూ గోడ్రిచ్ అనే ప్రభువుకు అప్పగించి, దేశంలో అందరికంటే ఉన్నతుడికి ఇచ్చి చెయ్యమంటాడు. రాజ్యం కాజేయాలని గోడ్రిచ్ ఆ మాటను కొలతగా మార్చి, అందరికంటే ఎత్తున్న వంటింటి కూలీకి కట్టబెడతాడు. ఆమె ఒప్పుకోకపోతే బెదిరిస్తాడు. ఆ కూలీ నిజానికి డెన్మార్క్ యువరాజు కాబట్టి కథ గట్టెక్కింది.

ఇది వట్టి కల్పన అనుకోవద్దు. తండ్రి లేని వారసుల పెళ్లి హక్కును ప్రభువులు కొనేవాళ్లు, అమ్మేవాళ్లు. 1215 నాటి మాగ్నా కార్టాలో ఆరో నిబంధన, వారసులకు అంతస్తు తక్కువవాళ్లతో పెళ్లి చేయకూడదంటుంది. గోడ్రిచ్ చేసింది సరిగ్గా అదే. ఎనిమిదో నిబంధన, విధవ భర్త లేకుండా బతకాలనుకున్నంతకాలం ఆమెకు బలవంతంగా పెళ్లి చేయరాదంటుంది. రాజుగారి చేత అలా రాయించుకోవాల్సి వచ్చిందంటే ముందు ఏం జరిగేదో ఊహించుకోండి.

చర్చి చట్టం మాత్రం ఇంకో దారిలో పోయింది. 12వ శతాబ్దం నుంచి, అమ్మాయికి 12, అబ్బాయికి 14 నిండి ఇద్దరూ "చేసుకుంటున్నాను" అని మాట ఇచ్చుకుంటే చాలు, పెళ్లే. పెద్దల అనుమతి అక్కర్లేదు. 1469లో మార్జరీ పాస్టన్ అనే భూస్వాముల పిల్ల తమ ఎస్టేటు ఉద్యోగికి అలా మాట ఇచ్చింది. నార్విచ్ బిషప్ పిలిచి విచారిస్తే, ఆ మాటలు చాలకపోతే ఇక్కణ్ణుంచి కదిలేలోపు ఇంకా గట్టిగా చెబుతానంది. తల్లి ఇంటి తలుపులు మూసేసింది. పెళ్లి మాత్రం నిలిచింది.

మంజీర:

మాట ఇవ్వడం అన్నారు కదా, నా బాధంతా గ్రిసెల్డా దగ్గరే. కాంటర్‌బరీ యాత్రికుల్లోనే ఇంకొకడు, ఆక్స్‌ఫర్డ్‌లో చదివే క్లార్క్ చెప్పే కథ ఇది. బొకాచియో రాశాడు, పెట్రార్క్ లాటిన్‌లోకి మార్చాడు, అక్కణ్ణుంచి చాసర్ తీసుకున్నాడు.

సలుజో ప్రభువు వాల్టర్ పేదవాడైన జానికులా కూతుర్ని అడుగుతాడు. చేసుకుంటాను గానీ, నేనేం చెప్పినా మాటతో గానీ మొహంతో గానీ కాదనకూడదు అంటాడు. ఆమె ఒప్పుకుంటుంది. చర్చి చట్టం లెక్కన సమ్మతి ఉన్నట్టే! అదే నన్ను భయపెడుతుంది. ఆ ఒక్క సమ్మతితో అతను కూతుర్ని తీసుకుపోతాడు, కొడుకును తీసుకుపోతాడు, చంపించాడనుకునేలా చేస్తాడు. పోప్ పేరుతో దొంగ పత్రాలు సృష్టించి విడాకులంటాడు. వచ్చినప్పటి పేదబట్టలు మార్చి పట్టుబట్టలు కట్టించినవాడు, ఇప్పుడు అన్నీ విప్పి పొమ్మంటాడు. ఆమె ఒక్క లోచొక్కా అడుగుతుంది. మీకు తెచ్చిన కన్యాత్వాన్ని వెనక్కి తీసుకెళ్లలేను కాబట్టి దానికి బదులుగా ఇది ఇవ్వండి, నన్ను పురుగులా దారిన పోనివ్వకండి అంటుంది.

ఆఖరికి కొత్త పెళ్లికూతురు అని చెప్పి తీసుకొచ్చేది వాళ్ల సొంత కూతుర్ని. వయసు 12. అలిసన్‌కి మొదటి పెళ్లయిన వయసే. కొత్త భార్య ఎలా ఉందని గ్రిసెల్డాని అడుగుతాడు. బాగుంది, అయితే ఒక్కటి వేడుకుంటాను, ఇంకొకరిని హింసించినట్టు ఈమెను హింసించకండి, సుకుమారంగా పెరిగిన పిల్ల అంటుంది. కథ మొత్తంలో ఆమె వాల్టర్‌ని హింసించావని అన్నది ఆ ఒక్కచోటే. అది కూడా తన కోసం కాదు. పిల్లలు బతికే ఉన్నారని తెలిసి స్పృహ తప్పుతుంది. ఒళ్లు తెలియని ఆ స్థితిలోనూ వాళ్లను ఎంత గట్టిగా పట్టుకుందంటే, చుట్టూ ఉన్నవాళ్లు చాలా కష్టపడి ఆ చేతులు విడదీయాల్సి వచ్చింది. నోరు ఇచ్చిన మాటకు కట్టుబడింది, చేతులు కట్టుబడలేదు.

పాతపుస్తకం:

క్లార్క్ కూడా ఆ కథను భార్యలకు ఆదర్శంగా పెట్టలేదు. అలా ఉండటం ఎవరివల్లా కాదని ఒప్పుకుంటాడు. కష్టాల్లో ప్రతి మనిషీ దేవుడి ముందు నిలకడగా ఉండాలన్నదే భావం అంటాడు. చివర్లో పాట కట్టి, గ్రిసెల్డా చచ్చింది, ఆమె ఓర్పూ చచ్చింది, భార్యలారా నోరు కట్టేసుకోకండి అంటాడు. వైఫ్ ఆఫ్ బాత్ పేరు పెట్టి మరీ చెబుతాడు. ఈ కథలు ఒకదానికొకటి జవాబిచ్చుకుంటూ పెళ్లి గురించి వాదిస్తున్నాయని కిట్రెడ్జ్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1912లో రాశాడు. ఫ్రాంక్లిన్ అనే భూస్వామి యాత్రికుడు చెప్పే కథతో ఆ వాదం తేలిందని ఆయన ఉద్దేశం.

సిరాచుక్క:

తేలలేదు మాస్టారూ. ఫ్రాంక్లిన్ చాలా అందంగా మొదలుపెడతాడు. పెత్తనంతో ప్రేమను కట్టెయ్యలేం, పెత్తనం రాగానే ప్రేమ రెక్కలు విప్పి ఎగిరిపోతుంది, స్త్రీలు స్వభావంగానే స్వేచ్ఛ కోరుకుంటారు, మగవాళ్లూ అంతే అంటాడు. అతని కథలో ఆర్వెరాగస్ అనే వీరుడు భార్య డోరిజెన్ మీద ఎన్నడూ పెత్తనం చేయనని ప్రమాణం చేస్తాడు. అయితే తన హోదాకు తలవంపులు కాకుండా, పైకి పేరుకు మాత్రం పెత్తనం తనదే అన్నట్టు ఉండాలంటాడు. తర్వాత ఆమె వేళాకోళంగా ఇచ్చిన మాట నిలబెట్టుకోవడానికి పరాయివాడి దగ్గరకు వెళ్లమని పంపేదీ అతనే, ఈ సంగతి ఎవరికైనా చెబితే ప్రాణం తీస్తానని హెచ్చరించేదీ అతనే. ప్రమాణం నిలబడి ఉంటే ఆ రెండు వాక్యాలూ రాకూడదు.

తుంగభద్ర:

సరిగ్గా చెప్పావు. చివర్లో ఫ్రాంక్లిన్ అడిగే ప్రశ్న చూడండి: అందరికంటే ఉదారుడు ఎవరు? పోటీలో ఉన్నది భర్త, ఆమెను ప్రేమించిన ఆ పరాయివాడు, అతనికి సాయపడిన మాంత్రికుడు. డోరిజెన్ పేరు లేదు.

నైట్ అనే యాత్రికుడు చెప్పే కథలో ఎమిలీ కూడా అంతే. డయానా గుడిలో నాకు పెళ్లి వద్దు, ఎవరికీ భార్యను కాను, అడవుల్లో వేటాడుతూ ఉంటాను అని మొక్కుకుంటుంది. ఓడిపోయిన అమెజాన్ రాణికి చెల్లెలు ఆమె. దేవతే ప్రత్యక్షమై, నువ్వు నీకోసం పోరాడుతున్న ఇద్దరిలో ఒకరికి భార్యవి కాక తప్పదంటుంది. తర్వాత ఏథెన్స్ ప్రభువు థీసియస్ పెళ్లి ఖాయం చేస్తాడు. ఆమె ఏమన్నదో కథలో లేదు.

మంజీర:

అదే చాసర్ ఒకచోట మాత్రం ఆడదాని మాట నెగ్గనిచ్చాడు. "పార్లమెంట్ ఆఫ్ ఫౌల్స్"లో వాలెంటైన్ రోజున పక్షులన్నీ జోడీల కోసం చేరతాయి. ఒక ఆడ గద్ద కోసం మూడు మగ గద్దలు వాదించుకుంటాయి. ప్రకృతి దేవత ఆమెనే అడుగుతుంది. నాకు ఇప్పుడే వద్దు, ఆలోచించుకోవడానికి ఏడాది గడువు కావాలి అంటుంది గద్ద. ప్రకృతి సరేనంటుంది. మిగతా పక్షులు జోడీలతో ఎగిరిపోతాయి, ఆ మూడు గద్దలు ఎదురుచూడాలి. పద్యం ఆమె నిర్ణయం చెప్పకుండానే ముగుస్తుంది.

మాస్టారు పుస్తకం కాలడమే గెలుపన్నారు, ఆ మాట నాకు ఇంకా ఒప్పుదల కాలేదు. జాంకిన్ ఇచ్చింది జాంకిన్ వెనక్కి తీసుకోగలడు. గద్దకు దొరికిన గడువు భర్త ఇచ్చింది కాదు, భర్త అనేవాడు రాకముందే ఆమె అడిగి పుచ్చుకుంది. ఈ లెక్కన చూస్తే చాసర్ స్త్రీ పాత్రల్లో అలిసన్ కంటే ఆ గద్దదే పైచేయి అంటాను.

పాతపుస్తకం:

గద్దకు పొలం లేదు, కట్నం లేదు, చర్చి గుమ్మం లేదు మంజీర గారూ. అవన్నీ మెడకు చుట్టుకుని ఉండగా నోరు తెరిచింది అలిసన్. నా ఓటు ఇప్పటికీ ఆమెకే.